చిన్న చాకు పదును తూచడం: ఆరు వారాల ప్రాజెక్టు డైరీ

జూన్ 8, ఆదివారం

మా అక్క కూతురు విజయవాడలో ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తోంది. నెలలో సగం రోజులు రెండో షిఫ్టు పడుతుంది కాబట్టి రాత్రి పదకొండు దాటాక స్కూటీ మీద ఒక్కతే ఇంటికి వెళ్ళాలి. ధైర్యం కోసమని ఆన్‌లైన్‌లో 749 రూపాయలు పెట్టి ఒక మడత చాకు తెప్పించుకుంది. ఈ రోజు భోజనానికి వచ్చినప్పుడు దాన్ని నా చేతిలో పెట్టి, "మామయ్యా, రోజూ ఇనుముతోనే కదా నీ పని, ఇది మంచిదో కాదో చూసి చెప్పు" అంది. ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్ళుగా లేత్ షాపు నడుపుతున్నవాడిని కాబట్టి పెద్దరికంగా బొటనవేలు వాదరకు, అంటే కోసే అంచుకు, అడ్డంగా ఆనించి చూసి, "పదునుగానే ఉందమ్మా" అనేశాను. ఆ అమ్మాయి వెళ్ళాక ఆ జవాబు నాకే నచ్చలేదు. తను అడిగింది మంచిదేనా అని; నేను చెప్పింది ఈ రోజుకు తెగుతుందని. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉందో అంకెల్లో తేల్చి చూపిద్దామని చాకు నా దగ్గరే ఉంచేసుకున్నాను.

పక్కన పోల్చడానికి మరేవీ లేకపోతే ఏ అంకె వచ్చినా దానికి అర్థం ఉండదు కనుక ఇంట్లోంచి మరో రెండు తీశాను. ఒకటి, రెండేళ్ళ కిందట మా ఊరి కమ్మరి చేత లారీ కమాను కట్ట ముక్కతో చేయించుకున్న కురచ కత్తి. దానికి మడత లేదు, తుమ్మ చెక్క పిడి, తోలు ఒర ఉన్నాయి. రెండోది నాన్నగారి చాకు; మామిడికాయలు కోయడానికీ పెన్సిళ్ళు చెక్కడానికీ ఆయన నలభై ఏళ్ళు జేబులో వేసుకు తిరిగినది, అలుగంతా (పిడి బయటి ఇనుప భాగమంతా) నల్లబడి, నూరీ నూరీ సగం వెడల్పుకు అరిగిపోయింది. ఈ డైరీలో వీటిని మడత చాకు, కమాను కత్తి, నాన్న చాకు అని రాసుకుంటాను.

మడత చాకు అలుగు 78 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు ఉంది. 2016 నాటి ఆయుధాల నిబంధనల్లో చెప్పిన 9 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు హద్దుకు మూడు కత్తులూ చాలా లోపలే ఉన్నాయి. అయితే ఢిల్లీలో బటన్ లాంటి యాంత్రిక ఏర్పాటుతో తెరుచుకునే చాకులకు పెట్టిన హద్దు 7.62 సెం.మీ. మాత్రమే. ఈ చాకు బటన్‌ది కాకపోయినా, ఆ అమ్మాయి ఎప్పుడైనా అటు వెళితే దీన్ని ఇంట్లోనే పెట్టి వెళ్ళమని చెప్పాలి. విమానం క్యాబిన్ సంచిలో ఎలాగూ కుదరదు.

జూన్ 11, బుధవారం

పరికరమేదీ లేకుండా కంటికీ వేళ్ళకీ తెలిసేదంతా ఈ రాత్రి రాసుకున్నాను. టేబుల్ ల్యాంపు కింద వాదరను పైకి తిప్పి, మెల్లగా అటూ ఇటూ వంచుతూ చూశాను. నిజంగా పదునున్న అంచుకు వెలుగును తిప్పికొట్టేంత వెడల్పు ఉండదు కాబట్టి అది కంటికి కనబడదు. ఎక్కడ మొద్దుగా ఉంటే అక్కడ సన్నని తెల్లగీత మెరుస్తుంది. మడత చాకులో మొనకు దగ్గరగా దాదాపు 15 మి.మీ. మేర ఆ గీత స్పష్టంగా ఉంది. అంటే కొత్తగా వచ్చిన చాకుకు, అందులోనూ అందరికంటే ముందు పనికి రావలసిన మొన దగ్గర, కార్ఖానాలోనే పదును సరిగా పడలేదు. వాదర చెక్కిన పట్టీ ఒకవైపు 1 మి.మీ. వెడల్పుగా, రెండో వైపు అందులో సగం ఉంది. చెయ్యి ఒకవైపు ఎక్కువ వాలితే ఇలాగే వస్తుంది.

దినపత్రిక కాగితం నిలువుగా పట్టుకుని పై అంచు నుంచి కిందికి కోశాను. నాన్న చాకు చప్పుడు లేకుండా దిగింది. మడత చాకు పిడి వైపు భాగం బాగానే కోసి, మొన దగ్గరికి వచ్చేసరికి కాగితాన్ని చింపింది. కోత చప్పుడు వేరు, చింపు చప్పుడు వేరు. కళ్ళు మూసుకుని విన్నా తేడా తెలుస్తుంది. బొటనవేలి గోరు మీద బరువు పెట్టకుండా ఏటవాలుగా ఆనిస్తే పదునైన అంచు అక్కడే పట్టుకుంటుంది, మొద్దుది జారుతుంది. ఇది మా షాపులో అందరికీ తెలిసిన పద్ధతే గానీ, పట్టుకుందీ లేదూ అన్న రెండు జవాబులే దీనికి ఉన్నాయి. ఎంత అన్నది చెప్పదు.

అలుగు మీద 440 అని అచ్చు గుద్ది ఉంది. ఈ అంకె చూసే కొన్నానని ఆ అమ్మాయి చెప్పింది. 440 అన్న పేరుతో ఎ, బి, సి అని మూడు రకాల స్టెయిన్‌లెస్ ఉక్కు ఉంది. ఎ రకంలో కార్బన్ 0.60 నుంచి 0.75 శాతం, సి రకంలో 0.95 నుంచి 1.20 శాతం ఉంటుంది. కత్తి గట్టిదనం ప్రధానంగా ఆ కార్బన్ మీదా, దాన్ని కాల్చి చల్లార్చిన తీరు మీదా ఆధారపడుతుంది కాబట్టి పక్కన అక్షరం లేని 440 అంటే ఇంటి నంబరు రాసి వీధి పేరు రాయని చిరునామా లాంటిది. అయస్కాంతం పెట్టి చూడమని కొందరు అంటారు. గట్టిపరచగల స్టెయిన్‌లెస్ అంతా అయస్కాంతానికి అంటుకుంటుంది, మామూలు మెత్తని ఇనుమూ అంటుకుంటుంది; కాబట్టి అంటుకోకపోతే అనుమానించాలే తప్ప అంటుకుందని సంతోషించడానికి ఏమీ లేదు.

జూన్ 15, ఆదివారం

పదునును గ్రాముల్లో తూచే సాధనం ఈ రోజు తయారైంది. బిగించి కట్టిన దారం మీద వాదరను నిలువుగా నొక్కుతూ పోతే ఎంత బరువు దగ్గర దారం తెగిందో చూడడమే దీని సూత్రం. తక్కువ గ్రాములకు తెగితే ఎక్కువ పదును. ఈ సూత్రంతో చేసిన యంత్రాలు బజారులో దొరుకుతాయి గానీ నాకున్నది 1 గ్రాము వరకు చూపే వంటింటి డిజిటల్ కాటా, ఒక టేకు చెక్క ముక్క, రెండు స్క్రూలు, ఒక పాలిస్టర్ కుట్టు దారం రీలు. చెక్క మధ్యలో గాడి తీసి, గాడికి అటూ ఇటూ 40 మి.మీ. ఎడంతో స్క్రూలు బిగించి, వాటి మధ్య దారం లాగి కట్టి, చెక్కను కాటా మీద పెట్టాను.

మొదటి గంటలో వచ్చిన అంకెలన్నీ చెత్తబుట్టలోకి పోయాయి. ఒకే బ్లేడుకు ఒకసారి 70, మరోసారి 140 వచ్చింది. దారం బిగువు ప్రతిసారీ మారిపోవడమే కారణమని గ్రహించి, దారం ఒక కొసను స్క్రూకు కట్టి, రెండో కొసకు మా షాపు తాళంకప్పను వేలాడదీసి, ఆ బరువుతో దారం సాగి నిలిచాక రెండో స్క్రూ బిగించడం మొదలుపెట్టాను. అప్పటి నుంచి బిగువు ఒకేలా ఉంటోంది. ఇంకొక చిక్కు ఏమిటంటే దారం తెగిన మరుక్షణం కాటా సున్నాకు పడిపోతుంది, కన్ను ఆ చివరి అంకెను పట్టుకోలేదు. ఫోనును పుస్తకాలకు ఆనించి స్లోమోషన్‌లో వీడియో తీసి, తెగడానికి ముందు కనిపించిన అంకెను రాసుకుంటున్నాను. కత్తిని ముందుకూ వెనక్కూ లాగకుండా నిలువుగా మాత్రమే నొక్కాలి. లాగితే మొద్దు కత్తి కూడా దారాన్ని రంపంలా కోసేస్తుంది.

కొత్త గడ్డం బ్లేడుకు ఐదుసార్ల సగటు 62 గ్రాములు, కొత్త కట్టరు బ్లేడుకు 190 వచ్చాయి. ఇవి నా దారానికీ నా కాటాకూ మాత్రమే చెందిన అంకెలు, వేరొకరి సాధనంతో సరిపోవు. ఆ తరువాత మన మూడింటినీ పెట్టాను. నాన్న చాకు 340, కమాను కత్తి 580. మడత చాకు మధ్యలో 430, మొన దగ్గర 710. బొటనవేలు ఆనించి నేను పదును అని చెప్పిన చాకు ఇదే.

జూన్ 19, గురువారం

గట్టిదనం సంగతి. మొదట ఆకురాయితో (ఇనుమును అరగదీసే ఫైలుతో), పిడికి ఆనుకుని కంటికి కనబడని చోట ఒక్క గీత గీశాను. మడత చాకు మీద ఆకురాయి పట్టుకుని పొడి రాల్చింది. నాన్న చాకు మీద గాజు మీద గీసినట్టు జారిపోయింది. కమాను కత్తి మీద జారుతూ జారుతూ ఎక్కడో కాస్త పట్టింది. మంచి ఆకురాయి తనకంటే మెత్తనిదాన్ని మాత్రమే కొరుకుతుంది కాబట్టి ఈ ఒక్క గీతే చాలావరకు కథ చెప్పేసింది.

అయినా అంకె కావాలన్న పట్టుదలతో మా వెనక వీధిలో గేర్లకు హీట్ ట్రీట్‌మెంట్ చేసే మిత్రుడి దగ్గరికి రెండు కత్తులు తీసుకెళ్ళాను. రాక్‌వెల్ యంత్రంలో 120 డిగ్రీల వజ్రపు మొనను 150 కిలోల బరువుతో లోహంలోకి నొక్కి, అది ఎంత లోతు దిగిందో దాన్ని బట్టి సి స్కేలు అంకె చెబుతారు; అంకె ఎక్కువైతే గట్టిదనం ఎక్కువ. కత్తి అలుగు వెన్ను నుంచి వాదరకు పల్చబడుతూ పోతుంది కాబట్టి ఏటవాలు చోట నొక్కితే తప్పుడు అంకె వస్తుంది. కీలు పక్కన రెండు ముఖాలూ సమానంగా ఉన్న చోట, నల్లని పూత గీకేసి నొక్కాలి. మడత చాకుకు 51, 52, 51 వచ్చాయి. కమాను కత్తికి 57, 56, 57 వచ్చాయి. 440 సి రకాన్ని సరిగా కాల్చి చల్లార్చి ఉంటే 58 దాకా రావడం మామూలే కాబట్టి ఈ చాకులో ఉక్కయినా తక్కువ రకానిదై ఉండాలి, కాల్పయినా సరిగా జరగక ఉండాలి. నాన్న చాకును యంత్రంలో పెట్టలేదు. వజ్రం గుంట పడిన నాన్నగారి చాకును జేబులో పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు, ఆకురాయి చెప్పింది చాలు.

కమాను కత్తి ఫలితం చూసి మిత్రుడు ఆశ్చర్యపోయాడు గానీ నాకు ఆశ్చర్యం కలగలేదు. లారీ కమాను కట్టలకు వాడే ఈఎన్ 45 లాంటి ఉక్కులో కార్బన్ 0.5, 0.6 శాతం ప్రాంతంలో, సిలికాన్ అంతకు మూడింతల దాకా ఉంటుంది. వంగి మళ్ళీ నిలబడడమే దాని పని. ఇప్పటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో వండి పర్షియా వర్తకులకు అమ్మిన ఉక్కులో కార్బన్ 1 శాతం పైనే ఉండేదట. మన కమ్మరులు ఇవాళ తుక్కు కొట్లో ఏరుకుంటున్నది అందులో సగం కార్బన్ ఉన్న ఉక్కే అయినా, దాన్ని ఎప్పుడు కొలిమిలోంచి తీయాలో తెలిసిన చెయ్యి మాత్రం పాతదే.

జూన్ 22, ఆదివారం

మూడింటికీ ఒకే కోణంలో, ఒకే రాళ్ళ మీద, ఒకే చేత్తో పదును పెట్టకపోతే పోలిక న్యాయంగా ఉండదు. కోణం వైపుకు 20 డిగ్రీలు అనుకున్నాను. అలుగు వెడల్పును 20 డిగ్రీల సైన్ విలువ 0.342తో గుణిస్తే రాయి మీద నుంచి వెన్ను ఎంత ఎత్తులో ఉండాలో వస్తుంది. 24 మి.మీ. మడత చాకుకు 8.2, 22 మి.మీ. కమాను కత్తికి 7.5, అరిగిపోయి 14 మి.మీ. మిగిలిన నాన్న చాకుకు 4.8 మి.మీ. వచ్చింది. నాణేలు పేర్చి స్కేలుతో ఆ ఎత్తు సరిచూసుకుని, వెన్ను కింద పెట్టి చేతికి ఆ వాలు అలవాటు చేసి, తరువాత నాణేలు తీసేశాను. వాదర పొడవునా మార్కరు పెన్నుతో నల్లగా పూసి రాయి మీద ఒక్కసారి నడిపితే ఎక్కడ సిరా పోయిందో అక్కడే రాయి తగిలినట్టు లెక్క. మడత చాకుకు మొన వంపు దగ్గర సిరా అలాగే మిగిలిపోయింది. కార్ఖానాలో చేసిన తప్పే నేనూ చేస్తున్నానన్నమాట. వంపు దగ్గర పిడిని కాస్త పైకెత్తాలి.

400 నంబరు రాయితో మొదలుపెట్టి 1000, ఆ తరువాత 3000 రాళ్ళ మీదికి వెళ్ళాను; నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు. 1000 రాయి దగ్గరే మడత చాకు దారాన్ని 120 గ్రాములకు తెంచింది. కట్టరు బ్లేడు కంటే మెరుగైన అంకె చూసి ఒక్క క్షణం పొంగిపోయాను. అయితే అరచేతిలో ఉన్న దూదిని వాదర వెంబడి లాగితే పోగులు అక్కడక్కడా చిక్కుకున్నాయి. పదును పెట్టేటప్పుడు అంచు చివర పుట్టి, రెండో వైపుకు వాలే సన్నని రేకును మా షాపుల్లో బర్ అంటాం. అది విడిపోకుండా నిలబడి ఉంటే వెంట్రుకను కూడా కోస్తుంది. దాన్ని పదును అనుకోవడం ఎంత మోసమో చూడడానికి వేప చెక్క మీద మూడుసార్లు మెల్లగా నొక్కి మళ్ళీ తూచాను. 490 వచ్చింది. భూతద్దంలో చూస్తే రేకు ఒకచోట ఊడిపోయి, మరోచోట అప్పడంలా మడతపడి ఉంది. కొన్న రోజున కాగితం సర్రున కోసి చూపించే చాకులలో ఎన్నింటిది ఈ రేకు పదునో అని అనుమానం పట్టుకుంది.

జూన్ 25, బుధవారం

ఈ రోజు నా తొందరపాటు వల్ల పని చెడింది. కమాను కత్తి మొన దగ్గర పాత గంటు ఒకటి ఉంటే, రాయి మీద పోగొట్టడానికి గంట పడుతుందని షాపులోని బెంచి గ్రైండరుకు ఆనించాను. ఒక్క క్షణం ఎక్కువ ఉంచినట్టున్నాను. మొన ముందు గడ్డి రంగుకు, తరువాత ఊదాకు, నీలానికి తిరిగి, అదీ దాటి బూడిద రంగులోకి వెళ్ళిపోయింది. ఉక్కు 200 డిగ్రీలు దాటేటప్పుడు లేత గడ్డి రంగు, 300 డిగ్రీల దగ్గర నీలం కనిపిస్తాయి. నీలం కూడా పోయిందంటే కమ్మరి ఇచ్చిన గట్టిదనం ఆ మేరకు పోయినట్టే. వెంటనే నీళ్ళలో ముంచడం వల్ల చెయ్యి కాలలేదు తప్ప పోయింది తిరిగి రాలేదు. ఆకురాయితో చూస్తే పాడైన చోట పొడి రాలింది. ఇరవై రెండేళ్ళుగా పనివాళ్ళకు నేను చెప్పే మాటే నేను మరిచాను. సైకిలు చక్రంతో సానపట్టేవాళ్ళ దగ్గరైనా, ఇంకెక్కడైనా, నీళ్ళు తగలని చక్రం మీద నిప్పురవ్వలు ధారగా లేస్తూ ఉంటే పల్చని అంచుకు ఇదే జరుగుతుంది. రంగును మెరుగుపెట్టి తుడిచేస్తే కొన్నవాడికి తెలియదు కూడా.

పాడైన భాగమంతా 400 రాయి మీద, చేత్తో, నీళ్ళు చల్లుకుంటూ అరగదీశాను. అలుగు 95 నుంచి 91 మి.మీ.కు తగ్గింది. గంట మిగుల్చుకుందామని మూడు గంటలు పోగొట్టుకున్నాను.

జూన్ 29, ఆదివారం

బర్ పోగొట్టడానికి బరువు తగ్గించుకుంటూ వైపుకు ఒకటి చొప్పున మార్చి మార్చి నడిపి, చివరన పాత బెల్టు తోలు మీద ఆకుపచ్చ పాలిష్ సబ్బు రుద్ది, వెన్ను ముందుకు ఉండేలా వెనక్కి లాగాను. క్షౌరశాలల్లో కత్తిని తోలుపట్టీ మీద నూరడం చూసినవారికి ఈ కదలిక తెలిసే ఉంటుంది. దూదికి ఒక్క పోగూ చిక్కనంత వరకు ఆపలేదు.

ఐదేసి సార్ల సగటు: మడత చాకు 185, కమాను కత్తి 170, నాన్న చాకు 165. ఒకే కత్తికి నా కొలతలు అటూ ఇటూ 15 గ్రాములు తేడా వస్తున్నాయి కాబట్టి ఈ మూడూ ఒకటే అనుకోవాలి. 51 గట్టిదనం ఉన్న చాకూ, ఆకురాయిని జారగొట్టే చాకూ ఈ రోజు దారం ముందు సమానంగా నిలబడ్డాయి. ఏ ఇనుమునైనా ఓపికగా నూరితే ఒక పూటకు పదునెక్కుతుంది. కొట్లో నిలబడి కాగితం కోసి, వేలు ఆనించి, చేతి మీద వెంట్రుకలు గీకి చాకు ఎంచుకునేవాడికి ఈ పూట ఏ తేడా తెలియదు. నాకూ తెలియలేదు.

జూలై 6, ఆదివారం

వాదర ఎంతకాలం నిలుస్తుందో కొలవడానికి ఐఎస్ఓ 8442-5 అనే ప్రమాణం ఉంది. అందులో 5 శాతం సిలికా కలిపిన అట్టను యంత్రం ఒకే బరువుతో మళ్ళీ మళ్ళీ కోస్తుంది, ఎంత లోతు కోసిందో కొలుస్తారు. నాకు ఆ అట్టా లేదు, ఆ యంత్రమూ లేదు. వన్ టౌన్‌లో 12 మి.మీ. జనపనార తాడు చుట్ట కొన్నాను. కొబ్బరి తాడు చవకే గానీ దానిలో ఇసుక ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటుంది, పోలిక చెడుతుంది. వేప పలక మీద తాడు పెట్టి ఒక్క లాగుడులో కోయడం, వాదరలో ఒకే 30 మి.మీ. భాగాన్ని వాడడం, 25, 50, 100 కోతల దగ్గర ఆగి దారం మీద తూచడం అన్న నియమం పెట్టుకున్నాను. కోతకు తట్టుకునే చేతితొడుగు ఎడమ చేతికి వేసుకున్నాను; కమాను కత్తితో 60వ కోత దగ్గర అది నా చూపుడువేలిని కాపాడింది.

25 కోతలకు నాన్న చాకు 190, కమాను కత్తి 205, మడత చాకు 310. 50 కోతలకు 225, 240, 450. 100 కోతలు పూర్తయ్యేసరికి నాన్న చాకు 280, కమాను కత్తి 300 దగ్గర ఉంటే మడత చాకు 690కి చేరింది. వారం కిందట సమానంగా బయలుదేరిన మూడింటిలో ఒకటి, పెట్టె విప్పిన రోజున దాని మొన ఎంత మొద్దుగా ఉందో ఇంచుమించు అక్కడికి వచ్చి ఆగింది. అంకెల కంటే ముందే చేతికి తెలిసింది: 40వ కోత తరువాత మడత చాకుతో తాడు తెగడానికి భుజం కలపవలసి వచ్చింది, పోగులు కోసుకుపోకుండా నలిగి వేలాడాయి. ల్యాంపు కింద చూస్తే వాదర ఎక్కడా విరగలేదు, ఒక పక్కకు వాలిపోయింది. మెత్తని ఉక్కు తీరు అదే. తోలు మీద పదిసార్లు లాగితే మళ్ళీ 240కి వచ్చింది గానీ, 25 కోతలకే తిరిగి వాలిపోయింది.

జూలై 9, బుధవారం

ఆత్మరక్షణ కోసం కొన్న చాకు కాబట్టి పదును ఒక్కటే చూసి వదిలిపెట్టడం తప్పు. తెరిచిన చాకు తెరిచినట్టే ఉండాలి, తడిచేతిలో జారకూడదు. ఈ రెండింటిలో ఏది తప్పినా ముందు తెగేది పట్టుకున్నవారి వేళ్ళే.

మడత చాకులో అలుగు వెనక లోపలి రేకు ఒకటి అడ్డుపడి లాకుగా పనిచేస్తుంది. రేకు అలుగు మడమ మీద మూడో వంతు వరకైనా ఆనాలని నా లెక్క. ఇది అంచును తాకీ తాకనట్టు ఉంది. చేతితొడుగు వేసుకుని, వేళ్ళు మడత దారిలోకి రాకుండా పిడిని వెనక నుంచి పట్టుకుని, అలుగు వెన్నును చెక్క బల్ల మీద మెల్లగా తట్టాను. 14వ దెబ్బకు రేకు పక్కకు జారి అలుగు మూసుకుంది. మళ్ళీ చేశాను, 9వ దెబ్బకే జారింది. కీలు స్క్రూను పావు చుట్టు బిగిస్తే అలుగు ఊగడం తగ్గింది గానీ లాకు జారడం తగ్గలేదు. పిడి మీద సబ్బునీళ్ళు పూసి, మొనను పాత టైరు ముక్కకు ఆనించి నెడితే చెయ్యి ముందుకు జారి వాదర మొదట్లోకి వచ్చేసింది. వేలిని ఆపడానికి ఈ పిడికి అంచు గానీ పల్లం గానీ లేదు. కమాను కత్తికి కమ్మరి పిడి మొదట్లో చిన్న గూను వదిలాడు. అప్పట్లో అది అందానికి అనుకున్నాను.

జూలై 13, ఆదివారం

ఆ అమ్మాయి వచ్చింది. కాగితం మీద అంకెలు చూపిస్తే తల ఊపింది గానీ నమ్మకం కుదిరినట్టు లేదు. లాకు సంగతి చెప్పగానే, "ఏదీ, నా ముందు తట్టి చూపించు" అంది. 11వ దెబ్బకు చాకు మూసుకున్న టక్కుమన్న చప్పుడుకు వంటింట్లోంచి మా ఆవిడ కూడా తొంగిచూసింది. "అయితే 749 రూపాయలు దండగేనా మామయ్యా?" అని అడిగితే, పార్సిలు అట్టపెట్టెలు విప్పడానికీ కూరగాయలకూ పనికొస్తుందనీ, రాత్రి రోడ్డు మీద దీన్ని నమ్ముకోవద్దనీ చెప్పాను.

ఇంకొక కొలత కూడా తీశాం, అది ఆమె ఆలోచనే. హెల్మెట్ పెట్టుకుని, భుజానికి సంచి తగిలించుకుని, జిప్పు తీసి, చాకు వెతికి, తెరిచి చేతిలోకి తెచ్చుకోవడానికి స్టాప్‌వాచ్ మీద 11 సెకండ్లు పట్టింది. ఫోను తీసి 112 నొక్కడానికి 5 సెకండ్లు. వాళ్ళ ఆసుపత్రి నుంచి ఒకే దారిలో వెళ్ళే మరో ఇద్దరు నర్సులతో కలిసి బయలుదేరుతానని తనే అంది. ఆ తరువాత కాసేపు కమాను కత్తిని చేతిలో తిప్పి చూసి, ఇలాంటిదే, ఇంకా చిన్నది, ఒరతో సహా, పండ్లు కోసుకోవడానికని చేసిపెట్టమంది. పండ్లకేనా అని నేను అడగలేదు.

జూలై 20, ఆదివారం

పోయిన బుధవారం షాపు మూసి ఊరికి వెళ్ళాను. కమ్మరి కొలిమి ఊదాడు, నేను సమ్మెట పట్టాను. మొదట చేసిన కత్తి తాలూకు కమాను కట్ట ముక్కే ఇంకా మిగిలి ఉంటే, అందులోంచి 70 మి.మీ. అలుగు సాగదీశాడు. రంగు చూసే తెలుసుకునే ఆయన ముందు నేను అయస్కాంతం బయటికి తీస్తే నవ్వాడు గానీ, ఉక్కు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతాన్ని వదిలేస్తుంది, అది వదిలిన తరువాత ఇంకొంచెం కాల్చి తీయాలని చెబితే చూద్దామన్నాడు. అయస్కాంతం వదిలేసిన క్షణానికీ, ఆయన "ఇక తీద్దాం" అన్న క్షణానికీ మధ్య నాకు ఒక దగ్గు దగ్గేంత సమయమే దొరికింది. నీళ్ళలో ముంచితే ఈ ఉక్కు బీట తీస్తుందని ఇద్దరికీ తెలుసు కాబట్టి గోరువెచ్చని నూనెలో ముంచాం. ఆకురాయి గాజు మీద జారినట్టు జారింది. ఆ స్థితిలో వదిలేస్తే కింద పడినా విరిగేంత పెళుసుగా ఉంటుంది కనుక ఇంటికి తెచ్చి మా ఆవిడ ఓటీజీ ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, చల్లారాక మరో రెండు గంటలు ఉంచాను. కేకు వాసన రావలసిన చోట నూనె పొగ వాసన వస్తోందని ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయడం లేదు.

తీసి తుడిచి చూస్తే అలుగు మొత్తం ఎండుగడ్డి లేత రంగులో ఉంది, ఎక్కడా నీలం మచ్చ లేదు. ఈ రోజు 20 డిగ్రీల దగ్గర రాళ్ళ మీద నూరి, బర్ పోయిందని దూదితో రెండుసార్లు సరిచూశాక, దారం మీద నొక్కే పని ఆ అమ్మాయికే ఇచ్చాను. 172 వచ్చింది. 100 కోతలు ఇద్దరం చెరి సగం కోశాం. చివరన 295. తాడు చుట్ట అయిపోయింది. పిడికి తుమ్మ చెక్క కావాలో టేకు కావాలో తను ఇంకా తేల్చుకోలేదు. వేలు జారకుండా మొదట్లో గూను మాత్రం తప్పకుండా ఉండాలని పెన్సిలుతో చెక్క మీద తనే గీసి వెళ్ళింది.